ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, అవ్వ మాత్రం కాలు మోపడం లేదు: పెద్దవాళ్ల పెల్విస్ ఫ్రాక్చర్‌కు ఏ పరీక్ష, ఎప్పుడు, ఎలా

చంద్రగిరి అవతలి పల్లె నుంచి ఒక అవ్వను వీల్‌చెయిర్‌లో తెచ్చారు. వయసు 78. తొమ్మిది రోజుల కిందట జలదారి దగ్గర కాలు జారి కూలబడింది. "పడలేదు నాయనా, కూర్చున్నానంతే" అని ఆమె వాదన. ఆ రోజే ఒకచోట ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని చెప్పి, నొప్పికి సూది వేసి పంపేశారు. ఇక ఇంట్లోవాళ్లు "ఏమీ లేదన్నారు కదా, లేచి నడు" అని తొమ్మిది రోజులూ వెంటపడ్డారు. మేం సీటీ తీస్తే నడుము కింద సేక్రమ్ ఎముకలో రెండు పక్కలా పగులు, ముందువైపు ప్యూబిక్ ఎముకలో ఇంకో పగులు. పాత ఫిలిం తెప్పించి లైట్ బాక్స్ మీద పెట్టి చూశాం. ముందు పగులు అందులోనే ఉంది, వెంట్రుక మందాన. వెనక పగుళ్లు మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. సగం తప్పు చూసినవాళ్లది, సగం ఎక్స్‌రేది.

నేను తిరుపతిలో ఎక్స్‌రే, సీటీ రూముల్లో పనిచేసే రేడియోగ్రాఫర్‌ని. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, వైద్యం చేసేది ఎముకల డాక్టరు. బొమ్మ తీసేది మాత్రం నేనే. అవ్వను టేబుల్ మీదికి ఎత్తేటప్పుడు ఎక్కడ "అబ్బా" అంటుందో వినేది కూడా నేనే. ఆ అనుభవంతో, ఇంట్లో పెద్దవాళ్లు పడితే పరీక్షల దారిలో మీరు ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు ఎముక సంగతి రెండు ముక్కల్లో. పెల్విస్ అంటే నడుము కింద గుండ్రంగా ఉండే ఎముకల చట్రం. వెనక సేక్రమ్, దాని కొసన తోకఎముక, రెండు పక్కలా రెక్కల్లాంటి తుంటి ఎముకలు. అవి ముందుకొచ్చి కలిసేచోట ప్యూబిస్. తొడ ఎముక తల కూర్చునే గిన్నె కూడా ఇందులోదే. గాజును ఒక్కచోటే విరవడం ఎంత కష్టమో ఈ చట్రం ఒక్కచోటే విరగడం అంత కష్టం. ముందు విరిగిందంటే వెనక కూడా చూడాలి. ఈ గైడు మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇదే ఉండనివ్వండి.

మొదటి అడుగు: లేపకండి, తోమకండి, వినండి

పడగానే అందరూ చేసే పని చేతులు పట్టి లేపి నిలబెట్టడం. నిలబడగలిగితే విరగలేదని లెక్క వేసుకుంటారు. అది తప్పు లెక్క. ప్యూబిక్ ఎముక పగిలి కూడా నాలుగు అడుగులు వేసినవాళ్లను చూశాను. తొడ ఎముక మెడ విరిగి, ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయి, ఆ కాలి మీదే బస్సెక్కి వచ్చిన పెద్దాయన ఒకరు ఉన్నారు.

నొప్పి ఎక్కడో అడగండి. చేత్తో చూపించమనండి, నోటితో చెప్పించుకోవద్దు. పెద్దవాళ్లకు "నడుము" అంటే మెడ కింద నుంచి మోకాలు పైదాకా ఏదైనా కావచ్చు. గజ్జల్లో చెయ్యి పెడితే ప్యూబిస్ కావచ్చు, తొడ ఎముక మెడ కావచ్చు. పిర్రల నడుమ, తోకఎముక పైన అదిమి చూపిస్తే సేక్రమ్‌ను అనుమానించాలి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి దగ్గర తొడ ఎముక విరిగినట్టే అనుకుని కదపకుండా తీసుకురండి. పక్క మీద ఒత్తిగిలేటప్పుడు, కూర్చుని లేచేటప్పుడు కేక పెట్టడం పెల్విస్ ఫ్రాక్చర్లలో తరచూ చూస్తాం.

అసలు పడకుండానే విరగొచ్చని చాలామందికి తెలియదు. ఎముకలు గుల్లబారిన వాళ్లకు ఆటో గుంతలో ఎగిరితే చాలు, నీళ్ల బిందె ఎత్తితే చాలు. మొక్కు ఉందని అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి దిగి, మర్నాటి నుంచి పిర్రల నడుమ నొప్పితో వచ్చినవాళ్లూ ఉన్నారు. మెట్ల వల్ల ఒళ్లు నొప్పులని వారం పది రోజులు బామ్ రాసుకుంటారు. ఒళ్లు నొప్పులైతే మూడు నాలుగు రోజుల్లో తగ్గాలి. తగ్గకపోతే ఎముక మీద అనుమానం పెట్టుకోండి. దెబ్బ తగలకుండా సేక్రమ్ విరగడం గురించి వైద్య పత్రికల్లో స్పష్టంగా రాసింది కూడా 1982లోనే. అందుకే పాతకాలం వాళ్లు దాన్ని "నడుం పట్టేసింది" అనే చెప్పుకున్నారు, తప్పు వాళ్లది కాదు.

మన జిల్లాల్లో ఎముక అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. చెయ్యికో ముంజేతికో కట్టు సంగతి నేను మాట్లాడను. పెల్విస్‌కు మాత్రం కట్టు కట్టే చోటే లేదు. అక్కడ నూనె రాసి లాగడం, తోమడం అస్సలు వద్దు. ఆ ఎముకల లోపలి వైపే పెద్ద రక్తనాళాలు ఉంటాయి.

ఇవి కనిపిస్తే స్కానింగ్ సెంటర్లకు తిప్పకుండా నేరుగా ఎమర్జెన్సీకి పోండి, 108 పిలవండి: ముఖం పాలిపోవడం, చెమటలు, కళ్లు తిరగడం, పొత్తికడుపు ఉబ్బడం, మూత్రంలో రక్తం, మూత్రం రాకపోవడం, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. చిన్న ప్యూబిక్ పగులుతోనే లోపల నెమ్మదిగా రక్తం కారి, పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి బీపీ పడిపోయి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

రెండో అడుగు: సంచిలో ఏం పెట్టుకోవాలి

ఇది చిన్న పనే, కానీ మాకు అరగంట ఆదా చేస్తుంది. పాత ఎక్స్‌రేలు, స్కాన్లు ఉంటే అన్నీ తేండి, ఐదేళ్ల కిందటివైనా సరే. పాత పగులా కొత్త పగులా తేల్చడానికి వాటిని మించింది లేదు. వాడే మాత్రల స్ట్రిప్పులు తేండి. అసిట్రోమ్, వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు ఉంటే నోటితో కూడా చెప్పండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా, కిడ్నీ సమస్య ఉందా, ఈ మధ్య చేయించిన క్రియాటినిన్ ఎంత, ఇవన్నీ రంగు మందు ఎక్కించే సీటీ అవసరమైతే అడుగుతారు. పేస్‌మేకర్ ఉంటే ఆస్పత్రివాళ్లిచ్చిన కార్డు తప్పనిసరి.

ఇంకో రెండు విషయాలు ఇంట్లోవాళ్లు చెప్పడం మరిచిపోతారు. ఒకటి, ఎప్పుడో గర్భసంచి క్యాన్సర్‌కో ప్రోస్టేట్ క్యాన్సర్‌కో కరెంటు పెట్టించుకోవడం. పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకున్నవాళ్ల సేక్రమ్ ఏళ్ల తర్వాత కూడా బలహీనంగా ఉంటుంది. రెండు, ఆయాసానికో కీళ్లవాతానికో ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగడం. ఈ రెండూ తెలిస్తే రేడియాలజిస్టు చూసే చూపే మారుతుంది.

మూడో అడుగు: ఎక్స్‌రే, కానీ సరైన ఎక్స్‌రే

మొదట ఎక్స్‌రేనే. చౌక, త్వరగా అవుతుంది, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. నేను పట్టుబట్టేది ఒకే విషయం: నొప్పి ఉన్న ఒక్క తుంటిది కాదు, పెల్విస్ మొత్తం తీయాలి. చీటీలో "కుడి హిప్" అని మాత్రమే రాసి ఉంటే "మొత్తం పెల్విస్ ఏపీ కూడా తీస్తారా, డాక్టరుగారిని ఒకసారి అడుగుతారా" అని మీరే అనండి. ఏపీ అంటే ముందు నుంచి సూటిగా తీసే బొమ్మ. రెండు వైపులా ఒకే ఫిలింలో ఉంటే కుడిని ఎడమతో పోల్చి చూడొచ్చు. సన్నని పగులు ఆ పోలికలోనే దొరుకుతుంది.

తీసే ముందు నడుము చుట్టూ ఉన్నదంతా తీయాలి. ఇక్కడే మా రోజులో సగం టైమ్ పోతుంది. మొలతాడు, దానికి రాగి తాయెత్తు, లంగా బొందుకు పిన్నీసు, వక్కాకు సంచి, అన్నిటికన్నా ముఖ్యంగా రొంటిన దోపుకున్న తాళాల గుత్తి. "ఏమైనా ఉందా అవ్వా?" అంటే "ఏమీ లేదు నాయనా" అంటుంది. తీరా ఫిలిం చూస్తే బీరువా తాళం సరిగ్గా సేక్రమ్ మీద పడి ఉంటుంది. అవ్వలకు తాళాలు ఒంట్లో భాగం, అడిగితే గుర్తుకు రావు. ఇంట్లో ఆడవాళ్లే ఒకసారి తడిమి చూసి తీసి పెడితే మళ్లీ తీసే పని తప్పుతుంది.

టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, పాదాలను కొద్దిగా లోపలికి, సుమారు 15 డిగ్రీలు తిప్పి తీస్తాం. అలా చేస్తే తొడ ఎముక మెడ పొడుగ్గా, ముడుచుకోకుండా కనిపిస్తుంది. విరిగిందేమో అన్న అనుమానం గట్టిగా ఉంటే మాత్రం కాలు బలవంతంగా తిప్పకూడదు, ఉన్నదున్నట్టు తీయాలి. పక్కనుంచి తీసే వ్యూకు కూడా కప్పలా కాళ్లు మడిపించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మంచి కాలును పైకెత్తి పట్టుకుని, విరిగిన కాలును కదపకుండా అడ్డంగా కిరణం పంపించే పద్ధతి ఒకటి ఉంది, దాన్నే వాడాలి. ఎవరైనా మడవబోతే వద్దని చెప్పే హక్కు మీకు ఉంది.

బొమ్మ సరిగా వచ్చిందో లేదో మీరూ చూసుకోవచ్చు. పైన రెండు తుంటి రెక్కల అంచులు, కింద తొడ ఎముకల పైభాగం దాకా లోపలికి రావాలి. ప్యూబిస్ దగ్గర కళ్లద్దాల్లా రెండు పెద్ద రంధ్రాలు ఉంటాయి, అవి రెండూ దాదాపు ఒకే సైజులో ఉండాలి. ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉంటే మనిషి పక్కకు ఒరిగి ఉన్నారని అర్థం. తోకఎముక కొస, ముందువైపు ప్యూబిస్ కలిసే కీలుకు సూటిగా ఉండాలి. ఒరిగిన ఫిలింలో పగులు దాక్కోవడం, లేని పగులు ఉన్నట్టు కనిపించడం రెండూ జరుగుతాయి.

రేడియాలజిస్టు ఆ ఫిలింలో గీతల వెంట నడుస్తాడు. గిన్నె లోపలి అంచు గీత, ప్యూబిస్ నుంచి తొడ లోపలి వైపు సాగే వంపు గీత, ఆ కళ్లద్దాల రంధ్రాల చుట్టూ ఉన్న అంచు, సేక్రమ్ మీద రెండు పక్కలా పక్కటెముకల్లా వంగిన చిన్న గీతలు. వీటిలో ఏది మెలిక తిరిగినా, మెట్టు పడినా అక్కడ ఆగుతాడు. సేక్రమ్ గీతలే అన్నిటికన్నా మోసం చేసేవి. వాటి మీద పేగుల్లో గాలి నల్లగా కమ్ముకుని ఉంటుంది. దాని కింద మలం మచ్చలు మచ్చలుగా, పక్కనే సున్నం పట్టిన రక్తనాళం తెల్లని గీతలా. వయసు మీద పడిన ఎముక జల్లెడ బట్టలా పలచగా ఉంటుంది, చుట్టూ మాంసానికీ దానికీ తేడా తగ్గిపోతుంది. ఇంత గందరగోళంలో ముక్కలు జరగని పగులు కనిపించకపోవడం వింత కాదు.

ట్యూబును పాదాల వైపు వంచి ఒకటి, తల వైపు వంచి ఒకటి తీసే ఇన్‌లెట్, అవుట్‌లెట్ వ్యూలు కూడా ఉన్నాయి. చట్రం ముందుకో వెనక్కో పైకో జరిగిందా అన్నది వాటిలో తెలుస్తుంది. గిన్నె విరిగిందన్న అనుమానంతో మనిషిని 45 డిగ్రీలు పక్కకు ఒరిగించి తీసేవి ఇంకో రెండు. నన్నడిగితే, సీటీ అందుబాటులో ఉన్నచోట 80 ఏళ్ల మనిషిని ఆ నొప్పితో అటూ ఇటూ ఒరిగించడం అనవసరం. తేల్చాల్సినవన్నీ సీటీలోనే తేలతాయి.

రేడియేషన్ గురించి చాలామంది టెన్షన్ పడతారు. పెల్విస్ ఎక్స్‌రే ఒకటి సుమారు 0.6 మిల్లీసీవర్ట్. భూమి, గాలి, ఆకాశం నుంచి మనకు సహజంగా ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2.4. పెల్విస్ సీటీ సుమారు 6 దాకా ఉంటుంది. డెబ్బై దాటినవాళ్లకు ఆ భయంతో స్కాన్ మానుకోవడంలో అర్థం లేదు. అనుమానంతో మంచాన పడి ఉండటమే వాళ్లకు పెద్ద ప్రమాదం.

నాలుగో అడుగు: రిపోర్టులో మాటలకు అర్థం

"ఎముకకు స్పష్టమైన గాయం కనబడలేదు" అని రాస్తే విరగలేదని కాదు, ఈ బొమ్మలో కనబడలేదని. "క్లినికల్ కోరిలేషన్ అవసరం" అంటే మనిషిని చూసి డాక్టరు తేల్చుకోవాలని. ఇవి తప్పించుకునే మాటలు కావు, పరీక్షకున్న హద్దు చెప్పే మాటలు. కానీ రిపోర్టు ఇంటికి చేరేసరికి ఆ హద్దు చెరిగిపోయి "ఏమీ లేదట" అని మిగులుతుంది. మా అవ్వ విషయంలో జరిగింది ఇదే.

కాబట్టి ఎక్స్‌రే బాగుందన్నాక కూడా మనిషి కాలు మోపలేకపోతే, పక్క మీద తిరగలేకపోతే, డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: "బరువు మోపలేకపోతోంది సార్, సీటీగానీ ఎంఆర్ఐగానీ కావాలా?" అప్పటికీ నొప్పి మాత్రలిచ్చి పంపిస్తుంటే ఇంకో ఎముకల డాక్టరు దగ్గరికి పోవడానికి మొహమాటపడకండి.

ఒకవేళ ఎక్స్‌రేలో ముందు ప్యూబిక్ ఎముక పగులు కనిపించిందనుకోండి. "చిన్నదే, అదే అతుక్కుంటుంది" అంటారు. చాలావరకు నిజమే, అతుక్కుంటుంది. కానీ వెనక సేక్రమ్ దగ్గర నొక్కితే నొప్పి ఉందా అన్నది చూడకుండా అక్కడితో ఆపకూడదు. ముందు పగులు ఉన్న పెద్దవాళ్లను సీటీలో, ఎంఆర్ఐలో చూస్తే చాలామందిలో వెనక కూడా ఏదో ఒకటి బయటపడుతుంది. గాజు సంగతి మళ్లీ గుర్తు చేసుకోండి. ఒక్క తేడా ఏమిటంటే చట్రంలో కీళ్ల దగ్గర కొద్దిగా సాగే గుణం ఉంటుంది, కాబట్టి ముందు మాత్రమే విరిగినవాళ్లూ ఉంటారు. అలా అని చూడకుండానే అనుకోకూడదు, చూసి చెప్పాలి.

ఇంకో చిన్న గొడవ. ఫిలింను ట్యూబ్‌లైట్‌కు అడ్డం పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి, వాట్సాప్‌లో హైదరాబాదులో ఉన్న అల్లుడికి పంపి, ఆయన ఇంకో డాక్టరుకు పంపి "చూడండి సార్" అంటారు. ఆ ఫొటోలో మీ వంటింటి కిటికీ బాగా కనిపిస్తుంది, పగులు కనిపించదు. ఎక్స్‌రే అయినా స్కాన్ అయినా డైకామ్ ఫైళ్లు, అంటే మిషన్ ఇచ్చే అసలు బొమ్మల ఫైళ్లు, సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోండి. వాటిలో వెలుగు, నలుపు పెంచి తగ్గించి చూడొచ్చు.

ఐదో అడుగు: సీటీనా, ఎంఆర్ఐనా

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సీటీ ఎముక పైగోడను చూస్తుంది, ఎంఆర్ఐ ఎముక లోపలి మూలుగను చూస్తుంది. పైగోడ చీలితే సీటీలో దొరుకుతుంది. గోడ చెదరకుండా లోపలి గూడు మాత్రమే నలిగితే ఆ చోట నీరు చేరుతుంది, ఆ నీరు ఎంఆర్ఐకే దొరుకుతుంది. ఎముక గుల్లబారినవాళ్లలో ఈ రెండో రకం తక్కువేం కాదు.

ఎక్స్‌రేలో ఏమీ లేదు, గజ్జల్లో నొప్పి, కాలు మోపలేరు, తొడ ఎముక మెడ విరిగిందేమోనని అనుమానం. ఇలాంటప్పుడు ఎంఆర్ఐ మొదటి ఎంపిక. అది 24 గంటల్లో దొరక్కపోయినా, చేయకూడని పరిస్థితి ఉన్నా సీటీ చేయాలని బ్రిటన్ నైస్ సంస్థ 2011 మార్గదర్శకాల్లోనే చెప్పింది. మన దగ్గర నా సలహా కూడా అదే: సోమవారం ఎంఆర్ఐ ఖాళీ ఉందని శుక్రవారం నుంచి కూర్చోకండి, ఈ రోజు దొరికే సీటీ చేయించండి. ఎక్స్‌రేలో ముందు పగులు కనబడి, వెనక కూడా నొప్పి ఉంటే నేరుగా సీటీ. సీటీ కూడా బాగుందని వచ్చి నొప్పి మాత్రం తగ్గకపోతే అప్పుడు ఎంఆర్ఐ.

సీటీ అంటే పడుకోబెట్టడానికి పది నిమిషాలు, స్కాన్‌కు నిమిషం కూడా పట్టదు. ఎముక కోసమైతే రంగు మందు అక్కర్లేదు, సాదా సీటీ చాలు. లోపల రక్తం కారుతోందన్న అనుమానం ఉంటేనే రంగు మందు ఎక్కిస్తారు, అప్పుడే క్రియాటినిన్ అడుగుతారు. చీటీలో "సేక్రమ్‌తో సహా పెల్విస్ మొత్తం, పలుచని ముక్కలు, కరోనల్ శాజిటల్ రీఫార్మాట్లు" అని ఉంటే మంచిది. ఆ చివరిది అంటే ముందు నుంచి, పక్క నుంచి చూసినట్టు మళ్లీ కూర్చిన బొమ్మలు. సేక్రమ్ వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి దాని వంపు వెంటే నిలువుగా కోసినట్టు బొమ్మలు మళ్లీ తయారు చేస్తే రెండు పక్కల పగుళ్లు ఒకేసారి కంటికి కొడతాయి. త్రీడీ బొమ్మ చూడటానికి బాగుంటుంది, ఇంట్లోవాళ్లకు చూపించి చెప్పడానికి ఇంకా బాగుంటుంది. సన్నని పగులు మాత్రం అందులో నునుపైపోయి మాయమవుతుంది, దాన్ని చూసి నిర్ణయాలు చేయకండి.

ఎంఆర్ఐకి అసలు పరీక్ష ఓపికకే. పూర్తి స్కాన్ అరగంట దాకా పట్టొచ్చు. పెద్దవాళ్లు నొప్పితో అంతసేపు కదలకుండా పడుకోలేరు, కదిలితే బొమ్మ చెడుతుంది. అందుకే పగులు వెతకడానికి మాత్రమే టీ1, స్టిర్ అనే రెండు రకాల సీక్వెన్సులతో పది పదిహేను నిమిషాల్లో ముగించే కుదించిన స్కాన్ చేస్తారు. అది అవుతుందేమో అడగండి. టీ1లో పగులు నల్లని గీత, స్టిర్‌లో దాని చుట్టూ నీరు తెల్లగా మెరుస్తుంది. నొప్పి మందు ఎప్పుడు ఇవ్వాలో డాక్టరును అడిగి, స్కాన్ టైముకు అది పనిచేసేలా ముందే ఇప్పించండి. మోకాళ్ల కింద దిండు పెట్టమనండి. చెవులకు దూది ఇస్తారు, అయినా లోపల బోరు వేస్తున్నంత చప్పుడు. ఒకసారి ఒక తాత స్కాన్ నడుమ "ఎవురో నా పొలంలో బోరు దించుతుండారు" అని లేవబోయాడు. ముందే చెప్పి పెట్టండి.

అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, స్కాన్ చేయనప్పుడు కూడా. పాతరకం పేస్‌మేకర్, మెదడులో పాత క్లిప్పు, చెవిలో కాక్లియర్ పరికరం ఉంటే ముందే చెప్పాలి. కొత్త పేస్‌మేకర్లు కొన్ని షరతులతో సరే, అందుకే కార్డు అడుగుతాం. తుంటిలో, మోకాలిలో వేసిన రాడ్లు, స్క్రూలు మామూలుగా ఇబ్బంది పెట్టవు, కాకపోతే వాటి చుట్టూ బొమ్మ చెదురుతుంది. శనిదోషానికి వేసుకున్న ఇనుప ఉంగరం, వినికిడి మిషన్, కట్టుడు పళ్లు, లోహం ఉన్న తాయెత్తు బయట పెట్టాలి. తాళిబొట్టు తీయడానికి చాలామంది అవ్వలు ఒప్పుకోరు. పసుపుతాడు వేరేది మెడలో వేసి గొలుసు తీస్తే చాలావరకు సరిపెట్టుకుంటారు. ఇంట్లోవాళ్లు ముందే ఒక పసుపుతాడు తెచ్చిపెడితే గుమ్మం దగ్గర వాదన ఉండదు.

ఎంఆర్ఐ కుదరనివాళ్లకు బోన్ స్కాన్ మిగిలి ఉంది. టెక్నీషియం కలిపిన మందు నరానికి ఎక్కించి, రెండు మూడు గంటలాగి బొమ్మ తీస్తారు. సేక్రమ్ రెండు పక్కలా, అడ్డంగా కూడా విరిగితే ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా మెరుస్తుంది. పెద్దవాళ్లలో పడిన మొదటి మూడు రోజుల్లో చేస్తే పగులు ఉన్నా కనబడకపోవచ్చు. అల్ట్రాసౌండ్ దీనికి పనికిరాదు, కడుపులో రక్తం చేరిందా అని చూడటానికి తప్ప. డెక్సా స్కాన్ ఎముక సాంద్రత చెబుతుంది, పగులు చూపించదు. ఈ రెండు విషయాల్లో పొరబడి డబ్బులు వదిలించుకున్నవాళ్లు ఉన్నారు.

ఎక్కడికి పోవాలి

తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆస్పత్రి, స్విమ్స్, టీటీడీ నడిపే ఎముకల ఆస్పత్రి బర్డ్ ఉన్నాయి. బోన్ స్కాన్ కోసమైతే స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్లు జిల్లా ఆస్పత్రిలో మొదలుపెట్టి, అవసరమైతే తిరుపతికి గానీ వెల్లూరు సీఎంసీకి గానీ పోతుంటారు. ఏ ఆస్పత్రికైనా ఆ రోజు మిషన్ పనిచేస్తోందా, రేడియాలజిస్టు ఉన్నారా అని ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. నొప్పితో ఉన్న మనిషిని మూడు చోట్లకు తిప్పడం కన్నా పది నిమిషాలు ఫోన్ మీద గడపడం నయం. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే ఆస్పత్రిలో ఆ పథకం టేబుల్ దగ్గర ముందే అడగండి, బిల్లు కట్టాక కాదు.

వచ్చేటప్పుడు ఆటోలో కూర్చోబెట్టకండి. వెనక సీటు మడిచిన కారులోనో అంబులెన్సులోనో పడుకోబెట్టి, తొడల మధ్య దుప్పటి మడిచి పెట్టండి.

ఆరో అడుగు: పగులు ఉందని తేలాక బొమ్మ ఇంకేం చెప్పాలి

"విరిగింది" అన్న ఒక్క మాటతో వైద్యం మొదలు కాదు. పెద్దవాళ్ల పెల్విస్ పగుళ్లకు రోమెన్స్, హాఫ్‌మన్ 2013లో ఒక వరస పెట్టారు, ఇప్పుడు సీటీ రిపోర్టుల్లో ఎఫ్ఎఫ్‌పీ అని అదే కనిపిస్తుంది. ఒకటో రకం ముందు మాత్రమే. రెండోది వెనక కూడా ఉంది కానీ ముక్కలు జరగలేదు. మూడోది వెనక ఒక పక్క జరిగింది. నాలుగోది రెండు పక్కలా జరిగింది. ఒకటి, రెండు రకాలకు చాలావరకు నొప్పి మందులు, వాకర్, ఫిజియోథెరపీతో నడిచిపోతుంది. మూడు, నాలుగు రకాల్లో ఆపరేషన్ గురించి మాట్లాడాల్సి వస్తుంది. సేక్రమ్ పగులు నరాల రంధ్రాల బయటే ఉందా, వాటి గుండా పోయిందా, నడిమికి చేరిందా అన్నది కూడా రిపోర్టులో చూడండి. నడిమికి వచ్చేకొద్దీ మూత్రం, మలం అదుపు చేసే నరాల మీద భయం పెరుగుతుంది.

ఇంకో ప్రశ్న రేడియాలజిస్టు తప్పక వేసుకోవాలి: ఈ ఎముక వట్టి గుల్లబారి విరిగిందా, లోపల క్యాన్సర్ తిని విరిగిందా? ఎంఆర్ఐలో రెండూ తెల్లగానే మెరుస్తాయి. మధ్యలో పగులు గీత స్పష్టంగా ఉంటే గుల్లబారడమే అయ్యే అవకాశం ఎక్కువ, గడ్డలాగా పక్క మాంసంలోకి పొంగితే వేరే దారి పట్టాలి. కరెంటు పెట్టించుకున్న సంగతి ముందే చెప్పమన్నది ఇందుకే.

తర్వాత ఎక్స్‌రే ఎప్పుడన్నది డాక్టరు చెబుతాడు. మీరు చూసుకోవాల్సింది ఒకటుంది. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, నడుస్తున్న మనిషి ఆగిపోయినా చెప్పిన తేదీ దాకా ఆగకండి. జరగని పగులు నడకతో జరగడం, ఒకవైపుది రెండో వైపుకు పాకడం ఉంది. అలాగని మంచానికి కట్టేయడమూ వద్దు. నెల పడుకుంటే ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్లలో గడ్డకట్టిన రక్తం, పిర్రల మీద పుండ్లు వరసగా వస్తాయి. డాక్టరు నడవమన్నంత నడిపించండి. అప్పుడే డెక్సా, విటమిన్ డి, క్యాల్షియం పరీక్షల సంగతి కూడా అడగండి. డెక్సాలో వచ్చే టీ స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. స్కోరు అంత తక్కువ లేకపోయినా, ఇలా కూలబడితే విరిగిందంటే ఆ ఎముకకు మందు గురించి డాక్టరుతో మాట్లాడాలి.

చంద్రగిరి అవ్వది రెండో రకం. ఆపరేషన్ లేదు. ఆరు వారాల తర్వాత చెక్ ఎక్స్‌రేకు వాకర్ పట్టుకుని తానే లోపలికి నడిచి వచ్చింది, వెనక మనవరాలు. టేబుల్ దగ్గర ఆగి, నేను నోరు తెరవకముందే రొంటిన చెయ్యి పెట్టి తాళాల గుత్తి లాగి మనవరాలి చేతిలో పెట్టింది. "బీరువాది, జాగ్రత్త" అంది. ఫిలింలో ప్యూబిస్ పగులు చుట్టూ కొత్త ఎముక మబ్బులాగా కమ్ముకుని ఉంది. సేక్రమ్ మీద యథాప్రకారం గాలే.